పరపక్షం

సభామందిరంలో బల్లలు అర్ధచంద్రాకారంలో అమర్చి ఉంటాయి. ప్రతి బల్లమీద ఒక దేశం పేరు రాసిన అట్ట నిలబెట్టి ఉంటుంది. ఆ అట్ట వెనుక కూర్చున్న పదిహేడేళ్ల విద్యార్థికి అక్కడ సొంత పేరు ఉండదు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు అతణ్ణి 'గౌరవనీయ ఫ్రాన్స్ ప్రతినిధి' అని సంబోధిస్తారు. అతడు లేచి 'నేను భావిస్తున్నాను' అనరాదు. 'ఫ్రాన్స్ భావిస్తున్నది' అనాలి. పొరపాటున 'నేను' అన్నవారిని అధ్యక్షుడు మృదువుగా హెచ్చరిస్తాడు. ఈ విధంగా విద్యార్థులే దేశాల ప్రతినిధులై ప్రపంచ సమస్యలను చర్చించే సభకు నమూనా ఐక్యరాజ్యసమితి అని పేరు.

వక్తృత్వపు పోటీలు మన విద్యాలయాలకు కొత్తవి కావు. 'కత్తి గొప్పదా, కలం గొప్పదా?' అన్న విషయం మీద వాదించని తరం తెలుగునాట లేదనవచ్చు. అయితే ఆ పోటీలో విద్యార్థి తనకు నచ్చిన పక్షాన్ని ఎన్నుకొంటాడు. నాలుగు పద్యాలు చదివి, రెండు సామెతలు చెప్పి, చప్పట్ల మధ్య దిగిపోతాడు. ఎదుటివాడు ఏమన్నాడన్నది అతనికి అంతగా అక్కరలేదు. నమూనా సభలో అట్లా కుదరదు. అక్కడ పక్షాన్ని ఎన్నుకొనే స్వేచ్ఛ ఉండదు. చీటీలో ఏ దేశం వస్తే ఆ దేశం విధానమే అతని విధానం. మాట్లాడి దిగిపోవడంతో పని పూర్తి కాదు. తనతో విభేదించే దేశాలను ఒప్పించి, వారి సంతకాలు సంపాదించి, ఒక తీర్మానాన్ని నెగ్గించాలి, లేదా అడ్డుకోవాలి.

ఈ అభ్యాసం ఐక్యరాజ్యసమితికన్నా ముందే పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1920లో నానాజాతి సమితి ఏర్పడింది. ఆ దశకంలోనే అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు దానికి నమూనా సభలు జరపడం మొదలుపెట్టారు. అమెరికా ప్రభుత్వం మాత్రం ఆ సమితిలో ఎన్నడూ చేరనే లేదు. పెద్దలు కాలుపెట్టని సభలో పిల్లలు కూర్చున్నారన్నమాట! 1945లో 51 సభ్యదేశాలతో ఐక్యరాజ్యసమితి అవతరించిన తరువాత నమూనా సభలు కూడా ఆ పేరు ధరించాయి. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో 1968లో ప్రారంభమైన విద్యార్థి సభ వీటిలో ప్రసిద్ధమైనది. మన దేశంలో కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ పాఠశాలల్లో ఆరంభించిన యువ పార్లమెంటు పోటీలను దీనికి దగ్గరి చుట్టంగా చెప్పవచ్చు. నేడు సమితిలో 193 సభ్యదేశాలున్నాయి. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల కళాశాలలకు నమూనా సభలు పరిచితమైపోయాయి.

సభ నడిచే తీరు తెలుసుకోవలసి ఉన్నది. మొదట హాజరు పిలుస్తారు. ప్రతినిధి 'హాజరు' అనవచ్చు, లేదా 'హాజరు, ఓటు వేస్తాను' అనవచ్చు. రెండవ విధంగా అన్నవారు తీర్మానం మీద తటస్థంగా ఉండడానికి వీలులేదు. నోటిలోనుంచి వచ్చిన రెండు మాటలు సాయంత్రందాకా కట్టివేస్తాయి. ఆ తరువాత వక్తల జాబితా. ఒక్కొక్కరికి సాధారణంగా ఒక నిమిషం, తప్పితే ఒకటిన్నర నిమిషం. 1957 జనవరిలో కాశ్మీరు సమస్యపై భద్రతామండలిలో వి.కె. కృష్ణమీనన్ చేసిన ప్రసంగం రెండు రోజులలో దాదాపు ఎనిమిది గంటలు సాగింది. ఆ కథ విని ఉత్సాహపడిన విద్యార్థికి ఈ ఒక్క నిమిషం మొదట అవమానంగా తోస్తుంది. నాలుగుసార్లు లేచి కూర్చున్న తరువాత గానీ, నిమిషంలో చెప్పలేనిది చాలావరకు చెప్పనక్కరలేనిదేనని తెలియదు.

నిజమైన పని వేదికమీద కాక విరామంలో జరుగుతుంది. కొంతసేపు సభను వాయిదా వేసి, ప్రతినిధులు గుంపులుగా చేరి ముసాయిదా రాసుకొంటారు. ఏ మాట ఉంచాలి, ఏ మాట తీసివేయాలి అన్న తగవు అక్కడే తెగుతుంది. ఇంగ్లీషులో ఐక్యరాజ్యసమితి తీర్మానమంతా ఒకే వాక్యం. ముందు కారణాలు, తరువాత కర్తవ్యాలు. ఇది ఇంగ్లీషుకు కొంత కృత్రిమమైన నిర్మాణమే గాని, తెలుగుకు సహజమైనది. 'గుర్తుచేసుకొంటూ', 'గమనిస్తూ', 'ఆందోళన చెందుతూ' అని అసమాపక క్రియలతో కారణాలన్నీ వరుసగా పేర్చి, చివర 'కోరుతున్నది' అనే ఒక్క సమాపక క్రియతో వాక్యాన్ని ముగించడం మన భాషకు వెన్నతో పెట్టిన విద్య. ఇటువంటి సభలు తెలుగులో జరగడానికి వీలులేదనేవారు ఈ సంగతిని ఆలోచించినట్లు లేదు.

ఆ చివరి క్రియను ఎంచుకోవడంలోనే నేర్పున్నది. 'కోరుతున్నది', 'విజ్ఞప్తి చేస్తున్నది', 'ఖండిస్తున్నది', 'ఆదేశిస్తున్నది' అనేవి నాలుగు వేర్వేరు బరువులు. సర్వప్రతినిధి సభ సభ్యదేశాలను 'ఆదేశించ'జాలదు. అది సిఫారసు మాత్రమే చేయగలదు. సమితి చార్టరు 25వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు తలదాల్చవలసినవి భద్రతామండలి నిర్ణయాలు. ఈ తేడా తెలియక, సర్వప్రతినిధి సభలో కూర్చొని లోకాన్నంతా ఆదేశించే ముసాయిదాలు ప్రతి నమూనా సభలోనూ రెండు మూడైనా కనబడతాయి.

నమూనా సభలు వర్తమాన సమస్యలకే పరిమితం కావు. చరిత్రలో నిజంగా జరిగిన ఒక చర్చను మళ్లీ జరిపే పద్ధతి కూడా ఉన్నది. అటువంటి చర్చకు భారతీయ విద్యార్థులకు 1946 నాటి దక్షిణాఫ్రికా వివాదంకన్నా తగినది దొరకదు. దాని పూర్వకథ ఇది.

1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ ఒడంబడిక కూలీలతో నేటాల్ తీరంలోని డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు లక్షా యాభైవేలమంది భారతీయులు ఆ విధంగా అక్కడి చెరకుతోటలకు వెళ్లారు. తమిళులతోపాటు విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు మొదలైన ప్రాంతాల తెలుగువారు వారిలో ఉన్నారు. గడువు తీరిన తరువాత చాలామంది అక్కడే స్థిరపడి సాగు, వ్యాపారం చేసుకొన్నారు. 1946లో దక్షిణాఫ్రికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. నేటాల్‌లో భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చునో, ఎక్కడ నివసించవచ్చునో అది గిరిగీసింది. పార్లమెంటులో వారికి ప్రాతినిధ్యం ఇచ్చినట్లే ఇచ్చి, ఆ ప్రతినిధులు తెల్లవారే కావాలన్నది. జూన్ నెలలో డర్బన్‌లో సత్యాగ్రహం మొదలైంది. సుమారు రెండువేలమంది జైళ్లకు వెళ్లారు. భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వ్యాపారం నిలిపివేసి, విషయాన్ని ఐక్యరాజ్యసమితికి నివేదించింది. అప్పటికి భారతదేశం ఇంకా స్వతంత్రం కాలేదు. సెప్టెంబరు 2న ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం పంపిన ప్రతినిధివర్గానికి విజయలక్ష్మీ పండిట్ నాయకురాలు. ఎదుటి పక్షాన ఉన్నవాడు దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్. గాంధీజీతో 1914లో ఒప్పందం చేసుకొన్న స్మట్స్ ఆయనే. సమితి చార్టరు పీఠికను రూపొందించడంలో ప్రధానపాత్ర వహించినదీ ఆయనే. మానవుని మౌలిక హక్కులపై విశ్వాసాన్ని ప్రకటించే పీఠిక అది!

ఈ చర్చను మళ్లీ జరపదలచిన ఒక కళాశాలను ఊహించుకోవచ్చు. చీటీలు తీశారు. విశాఖ జిల్లానుంచి వచ్చిన ఒక విద్యార్థిని చీటీలో దక్షిణాఫ్రికా ఉన్నది. ఆమె అధ్యాపకుని వద్దకు వెళ్లింది.

"సార్, నాకీ చీటీ మార్చండి. మనవాళ్లను ఊళ్ల నుంచి వేరుచేసినవాళ్ల తరఫున నేనెట్లా మాట్లాడతాను?"

"ముందు వాళ్లేమన్నారో చదువమ్మా. అంతా చదివాక కూడా మార్చమంటే మారుస్తాను."

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. మనసులో లేని మాటను నోటితో చెప్పడం అసత్యం కాదా? పరాయి పక్షాన్ని సమర్థంగా వాదించడం అలవాటైతే, ఏ పక్షమైనా ఒకటే అన్న నిర్లక్ష్యం ఏర్పడదా? నమూనా సభలను విమర్శించేవారు లేవదీసే ఆక్షేపణ ఇదే. దీనికి తొందరపడి సమాధానం చెప్పరాదు.

మన శాస్త్రగ్రంథాల పద్ధతిని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. వాటిలో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం ఉంటుంది. ఖండించదలచిన మతాన్ని ముందుగా, దానిని నమ్మినవాడు చెప్పినంత బలంగా చెప్పాలి. బలహీనమైన పూర్వపక్షం రాసినవాడి సిద్ధాంతమూ బలహీనమే. న్యాయశాస్త్రం చర్చను మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎట్లాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటిదానిని కూల్చడమే పనిగా పెట్టుకొన్నది వితండ. నమూనా సభ ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. బహుమతి మీదనే దృష్టి ఉన్న చోట అది జల్పమవుతుంది. ఆ ప్రమాదం ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

తిక్కన ఉద్యోగపర్వంలోని సంజయుని స్థితి ఇంకా దగ్గరగా ఉన్నది. ధృతరాష్ట్రుడు అతణ్ణి పాండవుల వద్దకు పంపాడు. రాజ్యభాగం ఇస్తామన్న మాట లేదు. యుద్ధం మాత్రం వద్దని చెప్పి రమ్మన్నాడు. ఆ సందేశంలోని డొల్లతనం సంజయునికి తెలియనిది కాదు. అయినా దూతధర్మాన్ని అనుసరించి, తన ప్రభువు పక్షాన్ని ధర్మరాజు ముందు నేర్పుగానే నిలిపాడు. హస్తినకు తిరిగివచ్చిన రాత్రి అదే ప్రభువును ముఖాముఖి నిందించాడు. సభలో పలికినది ఒకటి, హృదయంలో ఉన్నది మరొకటి. కాని అతడు ఎవరినీ మోసగించలేదు. ఎందుకంటే తాను ఎవరి మాట మోసుకువచ్చాడో అందరికీ తెలుసు. బల్లమీది అట్ట చేసే పనీ అదే. అది ప్రతినిధిని, వ్యక్తిని విడదీసి చూపుతుంది. అట్ట లేకుండా ఆ మాటలే పలికితే అసత్యమవుతుంది.

విద్యార్థిని చదవడానికి కూర్చున్నది. ఆమె ఎదురుచూసినది దురహంకారపు మాటలు. దొరికినవి న్యాయవాదుల తర్కాలు. చార్టరు రెండవ అధికరణంలోని ఏడవ ఖండం ప్రకారం ఏ దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లోనూ సమితి జోక్యం చేసుకోరాదు. నేటాల్ భారతీయులు దక్షిణాఫ్రికా జాతీయులు. వారి విషయం ఆ దేశపు ఇంటివిషయం. 1927 నాటి కేప్‌టౌన్ ఒడంబడిక కట్టుబడవలసిన సంధి కాదు. చార్టరుకు అర్థం చెప్పవలసినది అంతర్జాతీయ న్యాయస్థానం గాని, ఓట్లు లెక్కపెట్టే సభ కాదు. చదువుతూపోగా ఆమె ఒకచోట ఆగింది. బలమైన దేశాలు నేడు తమ కూటమిని కూడగట్టి ఒక చిన్న దేశపు ఇంటిని తనిఖీ చేస్తే, రేపు ఏ చిన్న దేశానికి రక్షణ? ఈ ప్రశ్నను కొట్టివేయడం ఆమెకు సులువు కాలేదు. వలసపాలన నుంచి తరువాత విముక్తి పొందిన ఎన్నో దేశాలు ఇదే ఏడవ ఖండాన్ని కవచంగా తొడుక్కొన్నాయన్నది చరిత్ర. ఆమె చీటీ మార్చమని మళ్లీ అడగలేదు.

సభనాడు ఆమె తన నిమిషంలో న్యాయస్థానం మాటే చెప్పింది. "దక్షిణాఫ్రికా విచారణకు భయపడడం లేదు, విచారించేవారెవరని అడుగుతున్నది" అన్నది. రెండవసారి లేచినప్పుడు, భారతదేశంలో ఊరి బావినుంచి నీళ్లు తోడుకోనివ్వని ప్రజలు ఎందరున్నారని, ఆ ఆగస్టులో కలకత్తా వీథుల్లో ఏం జరిగిందని అడిగింది. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. భారత ప్రతినిధిగా ఉన్న విద్యార్థి తడుముకొని, అంటరానితనం సంఘంలోని దురాచారమనీ, దక్షిణాఫ్రికాలోనిది ప్రభుత్వం చేసిన చట్టమనీ సమాధానమిచ్చాడు. తర్కానికి ఆ సమాధానం నిలుస్తుంది. బావి దగ్గర నిలబడినవారికి మాత్రం అది సగం సమాధానమే. న్యూయార్క్‌లో ఓటింగు జరిగిన తేదీ 1946 డిసెంబరు 8. ఢిల్లీలో రాజ్యాంగసభ మొదటిసారి సమావేశమైనది మరునాడు, డిసెంబరు 9న. మిగిలిన సగం సమాధానం ఆ రాజ్యాంగంలో 17వ అధికరణంగా రావలసి వచ్చింది. ప్రపంచ సభలో అడిగిన ప్రశ్న అడిగినవారి ఇంటికి కూడా తిరిగి వస్తుందని ఆ తరగతికి ఆనాడు తెలిసినంతగా ఏ వ్యాసం చదివినా తెలియదు.

భారత పక్షం వాదన మరొక వైపునుంచి సాగుతుంది. జాతి, లింగ, భాషా, మతభేదం లేకుండా మానవ హక్కులను గౌరవిస్తామని సంతకం చేసిన తరువాత ఆ విషయం ఇంటివిషయంగా మిగలదు. స్వయంగా సంతకం చేసిన దేశం తలుపు వేసుకోజాలదు. ఆనాడు ఎం.సి. చాగ్లా వంటి న్యాయకోవిదులు భారత పక్షాన నిలిచారు. నమూనా సభలో ఈ వాదానికి చప్పట్లు ఎక్కువ. అందుకే దానిని చెప్పేవారు తక్కువగా చదివి వస్తారన్నది కూడా అనుభవమే.

ఇక లెక్కలు. 1946 డిసెంబరులో ఓటు వేయవలసిన సభ్యదేశాలు 54. ముఖ్య విషయాలకు, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండువంతుల మద్దతు కావాలి. భారత్ ముసాయిదాకు బదులు ఫ్రాన్స్, మెక్సికోలు కూర్చిన మెత్తని పాఠం ఓటింగుకు వచ్చింది. అందులో 'ఖండిస్తున్నది' అన్న క్రియ లేదు. భారతీయులపట్ల వ్యవహారం రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందాలకూ, చార్టరుకూ అనుగుణంగా ఉండాలని అభిప్రాయపడి, తీసుకొన్న చర్యలను తరువాతి సమావేశంలో నివేదించాలని మాత్రమే అది కోరింది. అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15, తటస్థంగా 7. బ్రిటన్, అమెరికాలు వ్యతిరేకించాయి. సోవియట్ యూనియన్ బలపరచింది. ఓటు వేసిన 47 దేశాలలో మూడింట రెండువంతులంటే 32. అనుకూలమైన ఒక్క దేశం ఎదుటి పక్షానికి మారి ఉంటే తీర్మానం వీగిపోయేది. క్రియను మెత్తబరచింది ఎందుకో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది. తమ ముసాయిదాలో 'ఖండిస్తున్నది' అన్న మాట ఉండి తీరాలని పట్టుబట్టిన విద్యార్థుల బృందం నమూనా సభలో సాధారణంగా ఇరవై ఐదు ఓట్ల దగ్గర ఆగిపోతుంది.

నమూనా సభలలో లోపాలు లేకపోలేదు. కోటు, టై లేనిదే ప్రతినిధి కాడన్న భావన ఒకటి. నగరంలోని కొద్ది కళాశాలలకు తప్ప తక్కినవారికి అందని రుసుములు మరొకటి. అన్నిటికన్న పెద్దది, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడడమే దౌత్యమన్న అపోహ. ఐక్యరాజ్యసమితికి అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్ అనే ఆరు అధికార భాషలున్నాయి. అక్కడ ప్రతినిధులు అనువాదకుల సహాయంతోనే ఒకరినొకరు వింటారు. మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలలో, యాభైనాలుగు అట్టముక్కలు, ఒక గంట, గ్రంథాలయంలో నాలుగు పుస్తకాలు ఉంటే, ఈ సభ తెలుగులో జరగడానికి ఆటంకమేమీ లేదు.

చారిత్రక సభను ముగించే పద్ధతి ఒకటున్నది. ఓట్లు లెక్కించిన తరువాత అధ్యక్షుడు లేచి, ఆ పిమ్మట నిజంగా ఏం జరిగిందో చదివి వినిపిస్తాడు. ఓటింగు అయిన వెంటనే విజయలక్ష్మీ పండిట్ స్మట్స్ వద్దకు వెళ్లి, తన మాటలు నొప్పించి ఉంటే మన్నించమని కోరారు. అట్లా నడుచుకొమ్మని గాంధీజీ ముందే చెప్పి పంపారని ఆమె తన ఆత్మకథలో రాసుకొన్నారు. స్మట్స్ వాత్సల్యంతోనే మాట్లాడి, ఈ గెలుపు డొల్ల అనీ, దీనివల్ల తన అధికారం పోతుందనీ ఆమెతో అన్నారట. 1948 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడింది, తన నియోజకవర్గంలో ఆయనే ఓడారు. ఆయనకన్న కఠినులు అధికారానికి వచ్చారు. వర్ణవివక్షను రాజ్యవిధానం చేసి, 1950లో నివాసప్రాంతాలను జాతులవారీగా విభజించే చట్టం తెచ్చారు. సమితి ఆ సమస్యను ఏటేటా చర్చించింది. 1974లో సర్వప్రతినిధి సభ దక్షిణాఫ్రికా ప్రతినిధివర్గాన్ని తన సమావేశాల్లో పాల్గొననివ్వలేదు. ఇరవై ఏళ్లు ఆ స్థానం ఖాళీగా ఉన్నది. 1994లో అన్ని జాతులవారూ ఓటు వేసిన ఎన్నికల తరువాత, నెల్సన్ మండేలా ప్రభుత్వం పంపిన ప్రతినిధులు వచ్చి అందులో కూర్చున్నారు.

చదవడం పూర్తికాగానే అధ్యక్షుడు గంట మోగిస్తాడు. ప్రతినిధులు తమ ముందున్న అట్టలను బల్లమీద పడుకోబెడతారు. ఇక 'నేను' అనవచ్చు. దక్షిణాఫ్రికా స్థానంలో కూర్చున్న విద్యార్థిని మొట్టమొదట చేయి ఎత్తింది. 1946లో ఆ ఒక్క ఓటు మారి, విషయం న్యాయస్థానానికే వెళ్లి ఉంటే ఏమయ్యేదని అడిగింది. భారత ప్రతినిధిగా ఉన్న అబ్బాయి కుర్చీ ఆమె వైపు తిప్పుకొన్నాడు. చర్చ మళ్లీ మొదలైంది.